కన్నవారింట్లో ఉండిపోయిన కార్డు

నేను రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, రాజాం వైపున్న ఒక ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డుకు స్టాఫ్ నర్సుగా బదిలీ అయ్యాను. కాన్పు కాగానే, మాయ పడిన పది నిమిషాల్లోపు, గర్భసంచిలో కాపర్-టి వేసే శిక్షణ అప్పటికే పొందాను. బిడ్డకీ బిడ్డకీ ఎడం కోసం వేసే ఆ పరికరం మంచిదే. ఇప్పటికీ అదే అంటాను. తప్పు దానిది కాదు, మాది.

తొమ్మిదో నెల పరీక్షలకు వచ్చినప్పుడే గర్భిణికి అంతా వివరించి, ఆమె ఒప్పుకుంటేనే వేయాలని నిబంధన. మేం చేసిందేమిటి? నెలాఖరు సమీక్షలో ఎన్ని వేశారని నిలదీస్తారు గనక, నొప్పుల గదిలో కాన్పు కాగితాలతో పాటు కాపర్-టి ఒప్పుకోలు కాగితాన్నీ ముందుపెట్టి సంతకం తీసుకునేవాళ్లం. అందరూ చేశారు, నేనూ చేశాను.

గౌరి అత్తవారిది భోగాపురం దగ్గర పల్లె. తొలికాన్పు కన్నవారింట జరగాలి కాబట్టి మా ఆసుపత్రికి వచ్చింది. నొప్పులు ముదిరినప్పుడు కాపర్-టి కాగితం చూపించి, లూపు వేస్తాం, సంతకం పెట్టమన్నాను. ఆ పిల్ల నా ముఖమైనా చూడలేదు. పక్కనున్న తల్లి, "ఏదోటి సెయ్యండమ్మా, పిల్ల బతికితే సాలు" అంది. గౌరి సంతకం పెట్టింది. మగబిడ్డ పుట్టాడు. కాపర్-టి వేసి, వేసిన తేదీ రాసిన కార్డు గౌరి తల్లి చేతికిచ్చాను.

రిజిస్టరులో కన్నవారి ఊరే రాశాం. మళ్లీ చూడాల్సినవారి జాబితా ఆ ఊళ్లో ఇంటింటికీ తిరిగే నర్సు, ఏఎన్ఎంకే వెళ్లింది. ఆరు వారాలకు వెళ్లాల్సిన ఆమె, సర్వేలంటూ తిరిగి తిరిగి నాలుగో నెలలో వెళ్లింది. అప్పటికే గౌరి బిడ్డనెత్తుకుని అత్తవారింటికి వెళ్లిపోయింది. ఏఎన్ఎం "ఊళ్లో లేదు" అని రాసేసి ఊరుకుంది. అత్తవారి పల్లె ఏఎన్ఎంకి ఎవరూ ఫోన్ చేయలేదు. కార్డును గౌరి తల్లి, బిడ్డ టీకాల కార్డనుకుని, తన దగ్గరే దాచింది.

మూడేళ్ల తర్వాత గౌరి ఒంటరిగా ఓపీకి వచ్చింది. బిడ్డ ఐదో నెలలో జ్వరంతో పోయాడట. ఆ తర్వాత కడుపు పండలేదు, నెలసరి మాత్రం విపరీతంగా అవుతోంది. అత్తవారు స్కానింగుకి తీసుకెళ్లకుండా నాటుమందులు మింగించారు. గొడ్డుపోయిందని పెద్దమనుషుల్లో పెట్టి పుట్టింటికి పంపేశారు. భర్తకు వేరే సంబంధం ఖాయం చేశారు. తనలో లోపమేమిటో చూసి చెప్పమంది.

డాక్టరమ్మ పరీక్ష చేస్తే కాపర్-టి దారం కనిపించింది. తీయడానికి ఒక నిమిషం పట్టలేదు. పాత రిజిస్టరు తిరగేశాను. సంతకం ఆమెది, పక్కన చేతిరాత నాది.

గౌరి ట్రేలోకి చూసి, "ఇది నా కడుపులో ఉన్నాదని మీకు తెలుసు. నాకెందుకు సెప్పలేదమ్మా?" అని అడిగింది.

"చెప్పానమ్మా" అన్నాను. అన్నందుకు సిగ్గేసింది. ఆనాడు నేను చెప్పింది గోడకి.

"కాయితం రాసియ్యండి. నా తప్పు నేదని ఆలకి సూపిస్తాను" అంది.

తేదీలు రాస్తే మన మెడకే చుట్టుకుంటుందని డాక్టరమ్మ వెనకాడింది. చుట్టుకోవాల్సింది నా మెడకేనని చెప్పి, వేసిన తేదీ, తీసిన తేదీ, ఇన్నాళ్లూ గర్భం రాకపోవడానికి కారణం రాసి సంతకం చేయించాను.

పది రోజులకు గౌరి తల్లి వచ్చింది. గౌరి మామ ఆ కాగితం ఎవరిచేతో చదివించుకున్నాడట. "ముందే తెచ్చుంటే సూద్దుము. ఇప్పుడు పిల్లనిచ్చినోలకి ఏటని సెప్తాం?" అని మడిచి ఇచ్చేశాడట. మరుసటి వారం ఆ పెళ్లి జరిగిపోయింది.

ఆ కాగితం సంగతి పైవాళ్లకు తెలిసి నాకు మెమో వచ్చింది. జవాబులో ఉన్నదున్నట్టు రాశాను. మిగిలిన సర్వీసంతా నొప్పుల గదిలోకి ఆ కాగితం రానివ్వలేదు. రిజిస్టరులో పుట్టిల్లు, అత్తిల్లు రెండూ రాయించాను. మా అంకెలు పడిపోయాయి, సమీక్షలో నిలబెట్టి అడిగారు, నిలబడ్డాను. నొప్పుల్లో ఉన్న మనిషి సంతకం నొప్పి తీరాలని పెట్టేది, అది ఒప్పుకోలు కాదు. నిబంధనల పుస్తకంలో మొదటి పేజీలోనే ఉన్న ఈ మాట నాకు అర్థం కావడానికి గౌరి కాపురం పోవాల్సి వచ్చింది.