మంచి అన్నం చెప్పే అనంతయ్య

గద్వాల నేతగాళ్ల వాడలో ఊరు దాటబోయేవాళ్లు ఇద్దరిని అడిగేవాళ్లు. మంచి రోజు ఎప్పుడో పంతులును, మంచి అన్నం ఎక్కడో అనంతయ్యను. పంతులు వద్దన్న రోజున బయలుదేరినవాళ్లు ఉన్నారు గాని, అనంతయ్యను అడగకుండా రైలెక్కినవాళ్లు లేరు. ఎవరైనా మొండికేసి ఎక్కినా ఆయన ఊరుకునే రకం కాదు. స్టేషనుకు పరుగెత్తుకొచ్చి, కిటికీలో తల దూర్చి, "పాన్‌గల్‌కే గద పోతున్నవ్? బండి దిగంగనే కనవడ్డ ఇంట్ల కూసోకు. జర ముందుకు పోతె ఈదమ్మ ఉంటది. సజ్జ రొట్టె పెనం మీదికెంచి సీదా చేతుల వెడ్తది. నా పేరు జెప్పు!" అని రైలు కదిలేదాకా చెప్పేవాడు. ఆ పేరు చెబితే ఈదమ్మ ఏమిస్తుందో ఎవరికీ తెలియదు. ఇంకో రొట్టె మాత్రం ఇచ్చేది కాదు.

రైలు వచ్చి ఇంకా ఎంతో కాలం కాని రోజులవి. ఊళ్లు తిరగడం అందరికీ అలవాటు పడలేదు. అనంతయ్యకు మాత్రం అదే పని. మగ్గం మీద కూర్చుంటే ఆయన నేసిన అంచు కాస్త అటూ ఇటూ నడిచేది. నోటికి మాత్రం తిరుగులేదు. అందుకని అన్నదమ్ములు మగ్గాలు తాము చూసుకుని, చీరల మూట ఆయన భుజాన పెట్టారు. వనపర్తి, అమరచింత, నాగర్‌కర్నూలు తిరిగి చీరలు అమ్ముకురావడం ఆయన వంతు. ఎన్ని చీరలు అమ్మాడని ఇంట్లోవాళ్లు అడిగేవాళ్లు, ఏం తిన్నాడని వాడంతా అడిగేది. రెండో ప్రశ్నకే ఆయన మనసు పెట్టి జవాబు చెప్పేవాడు.

పూటకూళ్ల ఇల్లు ఎంచడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కడుపు నిండినవాణ్ని అడగకూడదట, వాడికి లోకమంతా బాగానే ఉంటుంది. ఆకలి మీదున్నవాణ్ని అసలే అడగకూడదట. బండ్లు తోలేవాళ్లను అడగాలి, దావా వేసి కచ్చేరి చుట్టూ తిరిగేవాళ్లను అడగాలి. అడిగాక కూడా నమ్మకూడదు. ఆ ఇంటి వెనక్కి వెళ్లి ఎంగిలి విస్తళ్ల కుప్ప చూడాలి. విస్తళ్లు ఖాళీగా ఉండి, పక్కన కుక్క దిగాలుగా కూర్చుని ఉంటే ఆ ఇంట్లో కాళ్లు కడుక్కోవచ్చు. కుక్క బలిసి ఉంటే మూటెత్తుకుని ముందుకు నడవాల్సిందే. ఈ సంగతి చెప్పేటప్పుడు అనంతయ్య గొంతు తగ్గించి, చుట్టూ చూసి మరీ చెప్పేవాడు, మంత్రోపదేశం చేస్తున్నట్టు.

ఇన్ని ఇళ్లలోనూ ఆయన నెత్తిన పెట్టుకున్నది వనపర్తిలోని కాంతమ్మ ఇల్లు. కచ్చేరి వెనక సందులో ఉండేది. ముందు సావడిలో మగవాళ్లకు, వంటింటి పక్క గదిలో ఆడవాళ్లకు విస్తళ్లు వేసేది కాంతమ్మ. ఆ కందిపప్పు, ఆ చారు! ఇంట్లో కూర్చుని భార్య కాల్చిన జొన్నరొట్టె నములుతూ కూడా ఆయన ఆ చారు గురించే మాట్లాడేవాడు, సిగ్గులేని మనిషి.

"కాంతమ్మ చారు తాగాలె అలివేలూ! గొంతుల దిగుతుంటె పాణం లేసొస్తది."

"అయితె గా కాంతమ్మనే అడుగు. రేపటికెంచి నీ అంగీలు గూడ ఉతుకుతదేమో," అనేది అలివేలమ్మ, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే.

అనేదే గాని, ఆయన ఊరికి బయలుదేరిన ప్రతిసారీ చింతకాయ తొక్కు చిన్న జాడీకెత్తి, మూతికి గుడ్డ కట్టి, సంచిలో పెట్టేది. ఎండుమిరపకాయలు, ఎల్లిపాయలు, మెంతులు వేసి ఆమె రోట్లో నూరిన తొక్కు అది. పప్పన్నమైనా చారన్నమైనా అది నంజుకోనిదే అనంతయ్యకు ముద్ద దిగేది కాదు. కాని దాన్ని ఆయన తిండి కింద ఎన్నడూ లెక్కపెట్టలేదు. మంచినీళ్లను ఎవరు లెక్కపెడతారు? ఏం తిన్నావని అడిగితే పప్పు గురించి చెప్పేవాడు, చారు గురించి చెప్పేవాడు, జాడీ మాట మాత్రం వచ్చేది కాదు. దాచాడని కాదు, పాపం, తోచనే లేదు.

ఇట్లా నడుస్తుండగా పక్కింటి నర్సింహులు తన కొత్త వియ్యంకుణ్ని వెంటబెట్టుకుని వనపర్తి పోయాడు. వియ్యంకుడిది అమరచింత. పట్టింపుల మనిషి, పెళ్లిలోనే పప్పులో ఉప్పు ఎక్కువైందని అలిగినవాడు. అట్లాంటివాడికి నర్సింహులు దారి పొడుగునా కాంతమ్మ వంట గురించి అనంతయ్య మాటల్లోనే చెప్పి, నోరూరించి మరీ తీసుకుపోయాడు. వియ్యంకుడు రెండు ముద్దలు తిని, మూడో ముద్ద విస్తట్లోనే వదిలి, "మీ గద్వాలోల్ల రుచి అంటె గిదేనా?" అన్నాడట. పిల్లనిచ్చినవాడు ఆ మాట విని ఏం చేస్తాడు? ఆ విస్తరే నెత్తిన కప్పుకోవాలనిపించింది నర్సింహులుకు.

మర్నాడు పొద్దున వాడలో పడుగు సాచారు. వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా నూలు పోగులు చాపి, మగవాళ్లంతా రెండు పక్కలా నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. పడుగు తడి మీద ఉన్నంతసేపూ ఎవరూ చేయి వదిలి పోవడానికి లేదు. అది చూసుకునే నర్సింహులు అందుకున్నాడు.

"అనంతన్నా, నీ నాలికె సచ్చిపోయినట్టుంది. ఓపారి దవాఖానల సూపిచ్చుకో."

"ఏందిరా గట్లంటవ్?"

"గా కాంతమ్మ పప్పు నీళ్లకు అక్క, చారు నీళ్లకు చెల్లె! మా వియ్యంకుని ముంగల నా ఇజ్జత్ పాయె."

పడుగు పొడుగునా నవ్వు పాకింది. అవతలి కొసన ఉన్న వెంకటన్న కూడా గొంతు సవరించుకున్నాడు. "నిజం జెప్పాలంటె నాకు గూడ గట్లనే అనిపిచ్చె. అనంతన్న మెచ్చింది మనకు నచ్చకుంటె తప్పు మనదేనేమోనని ఊకున్న."

అనంతయ్య చేతిలో కుంచె ఆగిపోయింది. నీకు నేత రాదంటే ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఇది వేరు. ఈ వాడలో ఆయనకంటూ ఉన్నది ఈ ఒక్క మాట విలువే. అది కాస్తా పోతే చీరల మూట మోసే మనిషి మిగులుతాడు, అంతే.

"ఎల్లుండి పెద్దమందడి పోతున్నం," అన్నాడు. "అలివేలు వాళ్లక్క మనుమన్ని తొట్టెల ఏస్తున్నరు. నడుమ వనపర్తిల ఆగుతం. నువ్వు గూడ రా నర్సింహులూ. కాంతమ్మ ఇంట్లనే కూసొని తిందం. అన్నం బాగలేకుంటె, గీ పడుగు మీద ఒట్టు, ఇగ ఈ జన్మల ఎవ్వనికీ ఫలాన కాడ తినుమని జెప్ప!"

నవ్వులు ఆగిపోయాయి. నేతగాళ్లకు పడుగు మీద ఒట్టంటే ఆషామాషీ కాదు.

ఆ రోజు రానే వచ్చింది. రైల్లో అనంతయ్య ఎదురుగా కూర్చున్న ముసలాయనకు కూడా కాంతమ్మ ఇంటికి దారి చెప్పాడు. ఆయనకు పళ్లు లేవని చివర్లో తెలిసింది. వనపర్తి రోడ్డులో దిగి, ఎడ్లబండి కట్టించుకుని, ఆకలి నకనకలాడే వేళకు కాంతమ్మ ఇల్లు చేరారు. అలివేలమ్మ కొంగు నిండా కప్పుకుని, గడప దగ్గరే బెరుకుగా నిలబడిపోయింది. కాంతమ్మ చేతిలోని గరిటె వంటింట్లో పెట్టి వచ్చి, "రా చెల్లె, గట్ల నిలవడ్డవేంది? లోపల కూసో," అని చేయి పట్టుకుని తీసుకుపోయింది.

సావడిలో మగవాళ్లిద్దరికీ మోదుగాకు విస్తళ్లు వేశారు. వేడి అన్నం, పైన పప్పు. నర్సింహులు ముద్ద ముట్టలేదు. అనంతయ్య మొహమే చూస్తూ కూర్చున్నాడు. అనంతయ్య చేయి దానంతటదే పక్కనున్న సంచిలోకి పోయింది. అడుగుదాకా తడిమింది. సంచి తలకిందులు చేశాడు. తువ్వాలు తప్ప ఏమీ రాలలేదు.

"ఏమే, జాడీ ఏది?" లోపలికి కేకేశాడు.

"ఏం జాడీ?"

"తొక్కు జాడీ!"

"ఇంట్ల ఉట్టి మీద ఉంది," అంది అలివేలమ్మ లోపలి నుంచి. "కాంతమ్మక్క వంట తినబోతుంటె మన తొక్కెందుకని తేలే."

నర్సింహులు కనుబొమలు లేచాయి. "ఏం తొక్కన్నా?"

సరిగ్గా అప్పుడే కాంతమ్మ చారు గిన్నెతో వచ్చింది. "అయ్యో, ఇయ్యాల తొక్కు తేలేదా అన్నా? అది లేకుంట నువ్వెన్నడు ముద్ద తిన్నవ్? ఓపారి నాకు గూడ జర వెడితివి, వారం దినాలు నాలికె మీదనే ఉండె. నేనైతే ఉప్పూ కారం తక్కువేస్త. దావాల మీద వచ్చెటోల్లు, ఎవ్వల కడుపెట్లుంటదో తెల్వదు గద!" అని చారు పోసి వెళ్లిపోయింది.

అనంతయ్య పప్పన్నం కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చెడ్డగా లేదు. మంచిగానూ లేదు. చారు కొంచెం జుర్రాడు. వేడిగా ఉంది, వేడి తప్ప ఇంకేమీ లేదు. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో, అమరచింతలో ఇన్నేళ్లుగా తాను లొట్టలేసిందంతా గద్వాలలో, తన ఇంటి రోట్లో నూరిందే. కుక్కల మొహాలు చూసి ఇళ్లు ఎంచిన మనిషికి తన సంచిలో ఏముందో తెలియలేదు.

నర్సింహులు ఎదురుచూస్తున్నాడు. ఇయ్యాల వంట కుదరలేదంటే సరిపోయేది. వాడలో సగం మందైనా నమ్మేవాళ్లు. అనంతయ్య ఆ మాట అనడానికి నోరు తెరిచాడు కూడా.

అంతలో లోపల గదిలోంచి అలివేలమ్మ గొంతు వినిపించింది. "అక్కా, ఇంగో గరిటె పప్పెయ్యి. అబ్బ, ఎంత మంచిగున్నది!" ఆ వెంటనే నవ్వు. ఆ నవ్వు తన భార్యదేనని పోల్చుకోవడానికి అనంతయ్యకు కొంచెంసేపు పట్టింది.

"వదినెకు గూడ నాలికె సచ్చిందా ఏంది?" అన్నాడు నర్సింహులు బిత్తరపోయి.

"ఆమె నాలికెకేం కాలే, నాకే సోయి లేకపాయె," అన్నాడు అనంతయ్య, కాంతమ్మకు వినబడకుండా గొంతు తగ్గించి. "మీ వియ్యంకుడు జెప్పిందే నిజం. నేను మెచ్చుకున్నదంత మా ఇంటి తొక్కు. ఇగ నేనెవ్వనికీ జెప్ప. ఒట్టు ఒట్టే."

నవ్వడానికే రైలు ఎక్కి వచ్చిన నర్సింహులు ఎందుకో నవ్వలేదు. తల వంచుకుని చారన్నం తిన్నాడు. తర్వాత గద్వాల చేరి వాడ వాడంతా తిరిగి చెప్పాడనుకోండి, అది వేరే సంగతి.

పెద్దమందడి బండిలో మొగుడూపెళ్లాలిద్దరే మిగిలారు. అనంతయ్య చాలాసేపు ఉగ్గబట్టుకుని, ఇక ఆగలేకపోయాడు.

"ఏమే, గా పప్పు నీకు నిజంగనే నచ్చెనా? గా తొక్కు నూరే చేతుల మనిషివి నువ్వు!"

"పప్పుల ఉప్పున్నదో లేదో నాకు తెల్వదయ్యా," అంది అలివేలమ్మ. ఇంకా ఆ సంతోషంలోనే ఉంది. "నేను కూసుంటె ఇంగొకరు వడ్డిచ్చిండ్రు. సల్లారకముందే తిన్న. నడుమల నీళ్లు తెమ్మని, రొట్టె తెమ్మని ఎవ్వలు పిల్వలే. చాలా, ఇంగ జర వెయ్యమంటవా అని గా అక్క అడిగింది. పెండ్లైన కాడికెంచి నన్ను గా మాట అడిగినోల్లు ఎవ్వలు? పెండ్లిళ్లకు పోయినా గాడిపొయ్యి కాడనే ఉంటి."

నిష్ఠూరంగా అనలేదు. ఊరి సంగతి చెప్పినట్టు చెప్పి, బండి పక్కన జొన్నచేల వైపు తిరిగింది. అనంతయ్య లెక్క చూసుకున్నాడు. బండివాళ్లను అడిగాడు, దావాలవాళ్లను అడిగాడు, ముక్కూమొహం తెలియని వాళ్లందరినీ ఏం తిన్నారని అడిగాడు. ఇంట్లో మనిషిని "నువ్వు తిన్నవా" అని అడిగింది ఎప్పుడో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. పెద్దమందడి వచ్చింది గాని, అది గుర్తు రాలేదు.

ఆ తర్వాత వాడలో ఊరికి పోయేవాళ్లు అనంతయ్యను అడగడం మానేశారు. వాళ్ల ఆడవాళ్లు మాత్రం గిన్నెలు పట్టుకుని తొక్కు కోసం అలివేలమ్మ దగ్గరకు వచ్చేవాళ్లు. అనంతయ్య అరుగు మీద కూర్చుని, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ చూస్తూ, నోరు కట్టేసుకుని ఉండేవాడు. ఆయనకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఇంట్లో మాత్రం ఒక కొత్త పని మొదలుపెట్టాడు. తాను తినడం కాగానే లేచిపోకుండా, అలివేలమ్మకు కంచం పెట్టి వడ్డించేవాడు. ఆయన వడ్డన సంగతి చెప్పుకోవద్దు. పప్పు కంచంలో కొంత, నేల మీద కొంత.

ఒకనాడు పొద్దున పడుగు దగ్గర వెంకటన్న చెప్పాడు. "రేపు వనపర్తి పోతున్నం. ఇంటామె గూడ వస్తది." చెప్పి, ఎవరినీ అడగనట్టు ఊరుకున్నాడు.

అనంతయ్య కుంచె రెండుసార్లు ముందుకూ వెనక్కూ పోయి ఆగింది.

"నువ్వొక్కనివే పోతుంటె నన్నడగకు వెంకటన్నా. ఏడ తిన్నా ఒకటే, మా ఇంటికి పోయి తొక్కు దీస్కపో."

"మాట తప్పుతున్నవన్నా!" నర్సింహులు అరిచాడు. "పడుగు మీద ఒట్టు!"

"తప్పుత. పాపమొస్తె నాకే వస్తది," అన్నాడు అనంతయ్య. "ఆమెను దీస్కపోతున్నవ్ గద, అయితె సీదా కాంతమ్మ ఇంటికే దీస్కపో. లోపల కూసోవెట్టి, అడిగి అడిగి వడ్డిస్తది. ఆమె తినెటప్పుడు మాత్రం ఏం గావాల్నన్నా సావడిలకెంచి పిల్వకు."