కొండ కనబడనందుకు క్షమించాలి

ఇనాబా కినుయో గారి జీవితంలో మొదటి ఘనవిజయం యాత్రా గైడు పరీక్ష గట్టెక్కడం. నలభై మూడో ఏట, నాలుగో ప్రయత్నంలో గట్టెక్కారు. సర్టిఫికెట్ చేతికిచ్చిన పెద్దమనిషికి నడుం విరిగిపోయేటట్టు వంగి, ఆవిడ అన్న మొదటి మాట "క్షమించండి." ఎందుకమ్మా అని ఆయన అడిగితే, "మూడుసార్లు తప్పి మీకు అలవాటు చేశాను. ఇప్పుడు హఠాత్తుగా పాసై ఇబ్బంది పెట్టాను" అన్నారట.

ఆవిడ మొత్తం ఆ ఒక్క గుణంలో ఉంది. సిగ్గుపడటం. తన తప్పుకు సిగ్గుపడేవాళ్ళు మా జపానులో వీధికి పదిమంది దొరుకుతారు. కినుయో గారు అలా కాదు. ఎవరి తప్పుకైనా సిగ్గుపడగలరు. అసలు తప్పే కానిదానికి ఇంకా బాగా సిగ్గుపడగలరు. వానకూ ఎండకూ కొండకూ కోతికీ, ఎప్పుడో మట్టిలో కలిసిన ప్రభువులకూ, అందరికీ కలిపి ఒక్క మొహమే ఎర్రబడాలంటే అది ఈవిడదే.

నేను ఆవిడ బస్సు డ్రైవరుని, కుమగాయ్ తొరకిచిని. చదివింది షినానో కొండల్లో మా ఊరి బడిలోనే అయినా, ముప్పై ఏళ్ళ పైచిలుకు బండి మీద గీత పడనివ్వలేదు. జాగ్రత్తగా నడిపినందుకు జిల్లా పెద్దల చేత రెండుసార్లు ఫలకం అందుకున్నాను. కొండచరియ విరిగిపడిన రోజున ఘాట్ రోడ్డు మొత్తం బస్సును వెనక్కి దింపాను, అదీ మంచు పడుతుండగా. ఇంత పేరున్నవాణ్ణి పక్కన పెట్టుకుని ఆవిడ మైకులో కోతుల తరఫున క్షమాపణ చెబుతుంటే, నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలిసేది కాదు.

దానికి తోడు జెండా ఒకటి. మా టూర్లు చిన్నవి, పదీ పన్నెండుమందికి మించవు. ఆ పదిమందీ తప్పిపోకుండా ఆవిడ కర్రకు కట్టిన పసుపు జెండా ఒకటి చంకలో పెట్టుకునేవారు. జనం వైపు తిరిగి వంగినప్పుడల్లా కర్ర వెనక కొస పైకి లేచి నా చెవిలో పొడిచేది. వెంటనే నా వైపు తిరిగి, "అయ్యయ్యో, కుమగాయ్ గారూ, క్షమించండి" అని మళ్ళీ వంగేవారు. ఈసారి జెండా ముందు సీటులో వాళ్ళకు తగిలేది. మళ్ళీ అటు. ఒక్కోసారి ఈ వ్యవహారం తేలేసరికి మేం ఊరు దాటేసేవాళ్ళం.

బస్సులో కూర్చోగానే అందరూ అడిగేది ఫుజి కొండ. ఏడాదిలో సగం రోజులు అది మబ్బుల్లో ఉంటుంది. కినుయో గారు మైకు తీసుకుని గొంతు తగ్గించి మొదలుపెట్టేవారు.

"కుడి పక్కన ఫుజి కొండ ఉండాలండి. ఇవాళ కనబడటం లేదు. నాకు తల ఎత్తుకోలేకుండా ఉంది."

"మబ్బు పడితే మీరేం చేస్తారు గైడమ్మా?"

"నిన్న కనబడిందండి. మిమ్మల్ని ఇవాళ తీసుకొచ్చింది నేనే కదా."

పోనీ, కనబడిన రోజున ఊరుకునేవారా? తెల్లటి శిఖరం, నీలం ఆకాశం, జనమంతా కిటికీలకు అతుక్కుపోయి "అబ్బ, అబ్బ" అంటుంటే ఆవిడ కళ్ళు దించుకునేవారు. "మొదటిరోజే ఇంత బాగా కనబడేసింది. రేపు నేను చూపించేవన్నీ మీకు చప్పగా ఉంటాయి. ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను."

ఒకచోట కోట ఉంది. దాని గోపురం పిడుగు పడి ఎప్పుడో మూడొందల ఏళ్ళ కిందట కాలిపోయింది. ఇప్పుడున్నది సిమెంటుతో కట్టిన కొత్తది. దాని ముందు నిలబడి ఆవిడ రెండు చేతులూ జోడించేవారు. "ఆ రాత్రి కాపలావాళ్ళు నిద్రపోయారని చెబుతారండి. ఏం మొహం పెట్టుకుని మీకు చెప్పను?"

"కాపలావాళ్ళు మీ ముత్తాతలా?" అన్నాడొక పెద్దమనిషి.

"కాదండి, మావాళ్ళు వడ్రంగులు."

"మరి మీకెందుకమ్మా బాధ?"

"వడ్రంగులై ఉండి కాలిపోయే కర్రతో కట్టారు కదండీ."

ఆ మాటకు ఆ పెద్దమనిషి తనే వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఈ అక్టోబరు చివర్లో మా బస్సెక్కిన పదకొండుమందిలో ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకరు ఓకొనోగి ఫుసాయె గారు. ఒసాకా మనిషి, కాగితాలూ కలాలూ అమ్మే కొట్టు నడుపుతుంది. ఒసాకా వాళ్ళకు నోటికి తాళం ఉండదు, ఈవిడకు తలుపే లేదు. సన్నగా కారుతున్న జలపాతం చూపిస్తే, "ఇదేనా? మా వంటింట్లో పాడైపోయిన కుళాయి ఇంతకంటే బాగా కారుతుంది" అంది. కినుయో గారు ఆవిడకు వంగి, తరువాత జలపాతం వైపు తిరిగి దానికీ వంగారు, అనవసరంగా మాట పడిందని.

రెండోవారు త్సుకుదా ఎయిజో గారు. హెడ్మాస్టరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. నిటారు నడుం, ఇస్త్రీ చొక్కా, నెత్తిన టోపీ. పక్కన భార్య మిత్సుయె గారు. ఆయన మూడుసార్లు, సరిగ్గా నా వెనకున్న ఫుసాయె గారి సీట్లో కూర్చున్నారు.

"మాస్టారూ, ఇది నా సీటండీ! నా ఊరగాయ డబ్బా మీద కూర్చున్నారు!"

ఆయన చటుక్కున లేచి చుట్టూ చూశారు. కళ్ళల్లో ఏదో బెదురు. కినుయో గారు పరుగెత్తుకొచ్చారు.

"క్షమించండి, క్షమించండి! సీట్లన్నీ ఒకే రంగులో కుట్టించాం. మనిషన్నవాడు ఎవరైనా పొరబడతాడు. ఎంత సిగ్గుచేటు!" కర్ర నా చెవిలో దిగింది.

మధ్యాహ్నం సోబా నూడుల్స్ కొట్టు దగ్గర ఆగినప్పుడు మిత్సుయె గారు కినుయో గారిని పక్కకు పిలిచారు. నేను టైర్లు తట్టి చూసుకుంటూ అక్కడే ఉన్నాను.

"ఆయన మర్చిపోతున్నారండి" అన్నారావిడ. "ముందు పేర్లు. ఇప్పుడు దారులు. తనకు తెలుసు, కానీ ఎవరికీ తెలియదనుకుంటున్నారు. పాత రాచబాట చూడాలని ఈ టూరు ఆయనే అడిగారు. నలుగురిలో ఒక్కసారి నగుబాటైతే ఇంక గడప దాటరండి. ఆయన అలాంటి మనిషి. ఇంట్లో మూల కూర్చుంటే ఎంత తొందరగా కరిగిపోతారోనని నా భయం."

"క్షమించండి" అన్నారు కినుయో గారు.

"అయ్యో, మీరెందుకు?"

"అలవాటండి" అని కళ్ళు తుడుచుకున్నారు.

ఆ సాయంత్రం బస పాత రాచబాట మీది సత్రంలో. పూర్వం ప్రభువులు దిగిన ముందుగది ఆ ఇంటికి కిరీటం. ఆ నెలలోనే అందులో కొత్త చాపలు పరిపించారు, ఇంకా పచ్చి గడ్డి వాసన వేస్తున్నాయి. సత్రం యజమానురాలు రిత్సు గారికి ఆ చాపలంటే ప్రాణం. చక్రాల పెట్టె దొర్లించుకొచ్చాడని ఒకాయన్ని వాన పడుతున్నా గుమ్మంలోంచే వెనక్కి పంపిన మనిషి. చాప మీదికి మేజోళ్ళతోనే రావాలి. నడవా చెప్పులు నడవాలో, మరుగుదొడ్డి చెప్పులు మరుగుదొడ్లో ఉండాలి. ఇది మా దేశంలో నడక వచ్చిన పిల్లకైనా తెలుసు.

అందరం కూర్చున్నాం. చిన్న పీటల మీద చేపా, మిసో చారూ, పుట్టగొడుగులూ వచ్చాయి. పక్కకు వెళ్ళిన హెడ్మాస్టరు గారు తిరిగొచ్చి, తలుపు జరిపి, నిటారుగా గది నడిబొడ్డు దాకా నడిచారు. కాళ్ళకు ఆకుపచ్చ రబ్బరు చెప్పులు. ఒక్కోదాని మీద 'మరుగుదొడ్డి' అని తెల్లటి పెద్ద అక్షరాలు.

ఎవరి ముద్ద వాళ్ళ నోటి దగ్గర ఆగిపోయింది. మిత్సుయె గారి మొహంలో రక్తం లేదు. రిత్సు గారు చేతిలోని చారు గిన్నె ఠక్కున పీట మీద పెట్టారు. అందరూ ఆయన కాళ్ళ వైపే చూస్తున్నారు. అందరూ ఏం చూస్తున్నారా అని ఆయన కిందికి చూడబోతున్నారు.

"అయ్యయ్యో!" అని కేక. కినుయో గారు లేచి, నా పుట్టగొడుగుల గిన్నె తన్నేసి, బయటికి పరుగెత్తారు. క్షణంలో తిరిగొచ్చారు. ఆవిడ కాళ్ళకు ఆడవాళ్ళ వైపు చెప్పులు. గులాబీ రంగు. వాటి మీదా అవే అక్షరాలు. ఆ చెప్పులతో కొత్త చాపల మీద టపటపా నడిచొచ్చి, హెడ్మాస్టరు గారి పక్కన నిలబడి, నేల దాకా వంగారు.

"క్షమించండి! ఈ గదిలోకి చెప్పులతోనే రావాలని ఇందాక అందరికీ చెప్పింది నేను. మాస్టారు ఒక్కరే నా మాట శ్రద్ధగా విన్నారు. తప్పంతా నాది!"

హెడ్మాస్టరు గారు ఆవిడ కాళ్ళు చూశారు. తన కాళ్ళు చూసుకున్నారు. మళ్ళీ ఆవిడ కాళ్ళు చూశారు. మెల్లగా ఆయన నడుం ఇంకో అంగుళం నిటారైంది.

"ఇనాబా!" అన్నారు. ఆ గొంతుకు నేను కూడా చేతులు కట్టుకున్నాను. "మరుగుదొడ్డి చెప్పులు ఎక్కడ ఉండాలి?"

"మరుగుదొడ్లో సార్."

"నీకు ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు సార్. వంటబట్టలేదు సార్."

"సిగ్గుగా లేదూ?"

"చాలా సిగ్గుగా ఉంది సార్" అన్నారు కినుయో గారు. ఆ మాట ఆవిడ అంత సంతోషంగా అనగా నేనెన్నడూ వినలేదు.

"పద. జతకు జత, ముక్కులు లోపలి వైపుకి. ఎలా పెట్టాలో నేను చూపిస్తాను."

ఇద్దరూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ముందు ఆయన, వెనక ఆవిడ, వరసగా బయటికి నడిచారు.

తలుపు మూసుకోగానే రిత్సు గారు నోరు తెరిచారు. ఆవిడ కంటే ముందు ఫుసాయె గారు అందుకుంది. "నేనూ విన్నానమ్మా, చెప్పులతో రమ్మనే చెప్పింది గైడమ్మ. నా అదృష్టం, నాకు సగం చెవుడు కాబట్టి తొడుక్కోకుండా వచ్చాను." వెనకనుంచి ఇంకొకరు "అవునవును, నేనూ విన్నా" అన్నారు. అందరూ విన్నారు. నేను కూడా విన్నానని ఒట్టు వేశాను. మిత్సుయె గారు మాత్రం ఖాళీ గిన్నెలోంచి చారు తాగుతూ కూర్చున్నారు.

ఇన్నేళ్ళూ ఆవిడ పక్కన సిగ్గుతో చచ్చిపోయినవాణ్ణి, ఆ రాత్రి నాకు సంగతి బోధపడింది. కినుయో గారి దగ్గర సిగ్గు బస్తాల కొద్దీ నిల్వ ఉంది. పరాయివాళ్ళది ఇంకో గుప్పెడు తెచ్చి అందులో కలిపేస్తే ఎవరికీ తేడా తెలియదు. కొండకూ కోటకూ రోజూ క్షమాపణ చెప్పే మనిషి కాబట్టే ఆ క్షమాపణ కూడా అందరూ నమ్మారు. తిరుగు ప్రయాణంలో నేను అదే అన్నాను.

"అమ్మా, మీరు చేసింది మామూలు పని కాదు."

"అవునండి, మీ పుట్టగొడుగులు తన్నేశాను" అన్నారు. కర్ర మళ్ళీ నా చెవిలో పొడిచింది. ఈసారి నేను చెవి పక్కకు తీసుకోలేదు.

చాపలు చాపలే కదా. రిత్సు గారు మా కంపెనీకి ఫిర్యాదు చేశారు. మా మేనేజరు చిన్నవాడు, రూలు తెలుసు గాని మనుషులు తెలియరు. "మరుగుదొడ్డి చెప్పులతో రాచగదిలో నడిచిన గైడుకు మర్యాదలు నేర్పించాలి" అని కినుయో గారిని కనజావాలో మర్యాదల శిక్షణకు పంపించాడు. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. హెడ్మాస్టరు గారి పేరైతే అసలే ఎత్తలేదు. అక్కడి పంతులమ్మ నాలుగో రోజునే ఫోను చేసిందట. "ఈవిడకు మేం ఏం నేర్పాలండీ? బోర్డు సరిగ్గా తుడవలేదని మాకు ఆవిడ క్షమాపణ చెబుతోంది. ఆవిడ వంగినప్పుడల్లా మేం వంగాలి. పాఠం ముందుకు సాగడం లేదు."

ఇక్కడ మాకు ఓ కుర్ర గైడునిచ్చారు. తెలివైనవాడే. కొండ కనబడకపోతే, "వాతావరణం కంపెనీ బాధ్యత కాదు" అంటాడు. నిజమే. కానీ బస్సులో జనం అప్పటినుంచీ మొగుడు పెళ్ళాన్నీ, పెళ్ళాం మొగుణ్ణీ, ఈ తేదీ ఎవరు ఎంచారని అడుగుతుంటారు.

మొన్న నాకు మిత్సుయె గారు ఫోను చేశారు.

"డ్రైవరు గారూ, మావారు మళ్ళీ బయలుదేరతానంటున్నారండి. కోట గుర్తు లేదు, సత్రం గుర్తు లేదు. గైడు గారొక్కరే గుర్తున్నారు. ఆ ఇనాబా పిల్లకు చెప్పుల సంగతి ఇంకా సరిగ్గా పట్టుబడలేదు, మళ్ళీ వెళ్ళి చూడాలి అని రోజూ పొద్దున్నే టోపీ పెట్టుకుని గుమ్మం దాటి వీధిలో నిలబడుతున్నారు. ఇంట్లో కూర్చోమన్నా కూర్చోరు." ఆవిడ నవ్వుతున్నారో ఏం చేస్తున్నారో గాని, గొంతు కాస్త తడిగా ఉంది. "రెండు సీట్లు కావాలి. కినుయో గారు ఎప్పుడొస్తారండీ?"

నవంబరు పద్దెనిమిది అని చెప్పాను.