కింది ప్లగ్గు ముందు విప్పిన రోజు

ఆ రోజు పోయినవి రాసుకుంటే ఇలా తేలింది. ప్లగ్గు ఆరు మూలల్లో నాలుగు. ఒక రెంచి. పాత గేరు ఆయిల్ లీటరున్నర. అత్త మా వాకిట్లోకి వచ్చి కూర్చోవడం. మామ.

మామ అంటే పక్కింటి రైతు. రక్తసంబంధం లేదు, వరసకు మామ. ఆయన భార్య అత్త. మాది పాన్‌గల్ దగ్గరి ఊరు. ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చే కాలం కాదింకా. ఊళ్లో ఉన్న ఒక్క జీపు నాది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత మిలిటరీ జీపు. దాని రిపేరు నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొలిచి, రాసుకుని, తప్పులు చేసి నేర్చుకున్నాను.

ఆ వేసవిలో మూడో గేరు వేస్తే గరగరమనడం మొదలైంది. ఆయిల్ వాసన చూస్తే గంధకం కంపు కొట్టింది. నాకు జీపు అమ్మినవాళ్లు వెనక ఇరుసులో పోసే ఆయిల్‌నే గేరుబాక్సులోనూ పోశారు. అది లోపలి ఇత్తడి రింగులను తినేస్తుంది. రెండింటి డబ్బాల మీదా చిక్కదనం తొంభై అనే ఉంటుంది, రకం మాత్రం వేరు. సరైనది వనపర్తిలో దొరకలేదు. గద్వాల దాకా పోయి, డబ్బా మీది అక్షరాలు మూడుసార్లు చదివి రెండు లీటర్లు తెచ్చాను.

గేరుబాక్సుకు రెండు ప్లగ్గులు. కిందిది విప్పితే పాతది కారిపోతుంది. పక్కన ఎత్తులో ఉన్నదాంట్లోంచి కొత్తది పోయాలి.

జీపు కింద దూరేసరికి మామ డబ్బా పట్టుకుని వచ్చాడు. పాత ఆయిల్ ఎప్పుడు దింపినా ఆయనకే, ఎడ్లబండి ఇరుసుకు.

"ఏం అల్లుడా, కాటుక ఎప్పుడు దించుతవ్? నా బండి మీ అత్త కన్న ఎక్కువ మొత్తుకుంటున్నది."

"ఆగు మామా, పైది వస్తదో లేదో ముందు చూడాలె."

"మూత విప్పనీకి గూడ లెక్కేనా? నీతోని పెట్టుకుంటే పొద్దు గూకుతది."

సిగ్గనిపించింది. కిందిదే ముందు విప్పాను. నల్లటి ఆయిల్ బేసినులో పడింది, అందులో ఇత్తడి పొడి బంగారంలా మెరిసింది. కొలిస్తే లీటరున్నర. అది మామ డబ్బాలో పోసి పై ప్లగ్గు పట్టుకున్నాను. తుప్పుతో బిగిసిపోయి ఉంది. నాలుగు మూలలు అరిగాయి, రెంచి విరిగింది.

గోడకు ఆనుకుని కూర్చున్న మామ నవ్వడం ఎప్పుడు ఆపాడో నేను చూడలేదు.

"అల్లుడా, జర ఛాతిల పట్టేసినట్టున్నది."

అంగీ చెమటతో తడిసిపోయింది. అత్త ఉరికొచ్చింది. "జీపు తియ్యి బిడ్డా!"

వనపర్తి దవాఖాన ఇరవై ఒక్క కిలోమీటర్లు. గేరుబాక్సులో చుక్క లేదు. నాలుగైదు కిలోమీటర్లకే గేర్లు పట్టేస్తాయని, నడిరోడ్డు మీద ఎండలో ఆగిపోతామని లెక్క వేశాను.

"ఆయిల్ గా డబ్బల ఉన్నది గద, పొయ్యి!" అంది అత్త.

"పోసే బొక్క తెరుసుకుంటలేదత్తా."

చేలోంచి ట్రాక్టరు తెచ్చేసరికి నలభై నిమిషాలు. ట్రాలీలో మామ తల నా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి గుంతకూ ఆయన భుజం గట్టిగా పట్టుకున్నాను. దవాఖాన మెట్లు ఎక్కేసరికి, నొప్పి మొదలై రెండు గంటల పది నిమిషాలు. దారిలోనే పోయాడని చెప్పారు. మరునాడు స్నానం చేయించేటప్పుడు ఆయన భుజం మీద నా నల్లటి వేళ్ల గుర్తులు నాలుగు. సబ్బుకు పోలేదు. అలాగే తీసుకుపోయారు.

వారం తర్వాత వనపర్తి మెకానిక్ ఉస్తాద్ వచ్చి సుత్తి, ఉలితో ఆ ప్లగ్గు ఊడదీశాడు. జరిగింది విని సుత్తి కింద పెట్టాడు.

"జీపెందుకు తియ్యలేదు భాయ్?"

"ఆయిల్ లేకుండె గద ఉస్తాద్."

"గేర్ల పండ్లకు అంటుకున్న ఆయిలే వనపర్తి దాక తీస్కపోతుండె. పోయినంక గేర్లు ఖతమైతుండె. అయితే ఏమాయె? గేర్లు నా తాన లేవా?"

కొత్త ఆయిల్ పోశాక గరగర తగ్గింది. కానీ మూడో గేరు వేసినప్పుడల్లా పక్క సీట్లో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చి బిగబట్టినట్టు వినబడేది. ఎక్కినవాళ్లను అడిగాను. ఎవరికీ వినబడలేదు.

రెండేళ్లు ఓర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆయిల్ మొత్తం దింపి, ప్లగ్గు బిగించి, ఒక్కడినే వనపర్తికి బయలుదేరాను. అయిదో కిలోమీటరు దాటింది. పన్నెండోదీ దాటింది. గేరుబాక్సు ఏడ్చినట్టు కూసింది, కాలిన వాసన వేసింది. ఆగిపొమ్మని మొక్కుకున్నాను. ఆగలేదు. దవాఖాన గేటు ముందు గడియారం చూసుకున్నాను. ముప్పై ఎనిమిది నిమిషాలు.

ఈ సంగతి అత్తకు ఇప్పటికీ చెప్పలేదు. ట్రాక్టరు తెచ్చి చేరడానికి పట్టిన రెండు గంటల పది నిమిషాల్లోంచి జీపు పట్టిన సమయం తీసేస్తే మిగిలింది మామకు నేను పడిన బాకీ. తొంభై రెండు నిమిషాలు.