గోల్కొండ చూడని సిటీ టూర్

మా చిన్నప్పుడు... మరీ పాతకాలమేం కాదులెండి, తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు... మన్సూరాబాద్‌లో మా అద్దె ఇంటి వంటగది గుమ్మం పక్కన ఓ గోనెసంచి ఉండేది. తణుకు నుంచి వచ్చినప్పుడు మూతి కట్టింది కట్టినట్టే ఉండిపోయింది. లోపల అమ్మ ఇత్తడి గుండిగ, అట్లపెనం, పెద్ద గరిటెలు. వస్తూ పోతూ అందరి కాళ్ళకీ తగిలేది. విప్పేయరాదూ అని నాన్న అంటే, "ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళమే కదా... మళ్ళీ కట్టేదెవరు?" అనేది అమ్మ.

నాన్నకి ఇక్కడ ఉద్యోగం, మాకు బడి. అమ్మకి మాత్రం నాలుగు గోడలు... ఈరోజు బంద్, రేపు రాస్తారోకో. నోరు విప్పితే ఆంధ్రావాళ్ళమని తెలిసిపోతుందని కూరగాయల బండి దగ్గర వేలు పెట్టి చూపించి కొనేది. అసలే వాగుడుకాయ మా అమ్మ! నెలల తరబడి అలా నోరు కట్టేసుకుని ఎలా బతికిందో ఏమో.

చివరికి నాన్న ఓ బేరం పెట్టాడు. "ఒక్కరోజు సిటీ టూర్ బస్సెక్కు. ఊరంతా చూడు. అప్పటికీ మనసుకి పట్టకపోతే ట్రాన్స్‌ఫర్ అడుగుతా, వెళ్ళిపోదాం. ఒట్టు." గోల్కొండలో కింద చప్పట్లు కొడితే కొండ మీదికి వినిపిస్తుందని కూడా ఊరించాడు. అమ్మ సరేనంది. మాకు గుండెల్లో రాయి పడింది. నాకూ తమ్ముడికీ ఇక్కడ స్నేహితులు కుదిరిపోయారు మరి... ఆ బస్సు అమ్మకి నచ్చకపోతే మా పని అయిపోయినట్టే.

ఓ ఆదివారం పొద్దున్నే ఎల్బీనగర్‌లో ఎక్కాం. ఎక్కేముందు అమ్మ మా ఇద్దరికీ ఆర్డరు వేసింది... "బస్సులో అండీ గిండీ అనకండి. అసలు మాట్లాడకండి."

అబ్బబ్బ, ఏం టూరండీ బాబూ అది! చార్మినార్ దగ్గర గైడు ఈల వేసి దింపాడు, ఈల వేసి ఎక్కించాడు. గాజుల కొట్టు మెట్టు మీద అమ్మ కాలు పెట్టిందో లేదో మళ్ళీ ఈల. మ్యూజియంలో ముందున్నవాళ్ళ వీపులు చూసి బయటికొచ్చాం. తమ్ముడు కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు. ఇంతలో డ్రైవర్‌కి ఫోనొచ్చింది, రోడ్లు ఆపేస్తున్నారని. ఇంకేముంది... గోల్కొండ లేదు, భోజనం లేదు, బండి వెనక్కి తిప్పారు. అమ్మ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నాన్న మొహం చూస్తే ఏడుపొచ్చింది నాకు.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బస్సు ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా వంటావార్పు! ఆ రోజుల్లో అదో రకం నిరసన... నడిరోడ్డు మీద రాళ్ళపొయ్యి పెట్టి వండుకుని, అక్కడే కూర్చుని తినేవాళ్ళు. డప్పులు, జెండాలు, పొగ. లోపల ఉడుకు, కడుపులో ఆకలి... అందరితోపాటు మేమూ దిగాం.

పొయ్యి మీద పెద్ద బగోనెలో పప్పు ఉడుకుతోంది. వండుతున్న ఆవిడ అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. అమ్మ ముక్కుకి వాసన తగిలినట్టుంది, ఆర్డరూ గీర్డరూ అన్నీ మర్చిపోయింది.

"అయ్యయ్యో, పప్పు అడుగంటుతోందండీ! కాస్త కలపండి!"

నాన్న గభాల్న అమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఇటు తిరిగి అమ్మని ఎగాదిగా చూసింది.

"ఏ ఊరక్కా మీది?"

మా ఇంట్లో 'మన ఊరు' అంటే తణుకు ఒక్కటే. అలాంటిది అమ్మ, "మన్సూరాబాదండీ" అనేసింది. భయంతోనే అంది, నాకు తెలుసు.

"మన్సూరాబాద్ల గిట్ల మాట్లాడుతరా?" ఆవిడ పగలబడి నవ్వింది. "సరె తియ్, మా పక్కోళ్లే. గీ గంటె పట్టు, జర తిప్పు. మంట నేను తగ్గిస్త."

అమ్మ కొంగు దోపి గరిటె అందుకుంది. వెనక ఒకాయన గొణిగాడు, "ఏంది లక్ష్మమ్మా, ఆంధ్రోళ్లతోని వండిస్తున్నవా?"

"మాడిన పప్పు తింటవా? తింటనంటె చెప్పు, పంపిస్త ఆమెను!"

ఆయన తిన్నంతసేపూ మొహం తిప్పుకునే ఉన్నాడు. లక్ష్మమ్మ మాత్రం మా విస్తరాకుల్లో వద్దన్నా వడ్డిస్తూనే ఉంది. అమ్మ ఆవిడ పక్కన చతికిలపడి, పొద్దుట్నుంచీ దాచుకున్న మాటలన్నీ అక్కడే కుమ్మరించింది... చింతపండు ఎక్కడ కొంటారు, పాలు ఎవరు పోస్తారు, మీ పిల్లలేం చదువుతున్నారు...

బస్సు ఎప్పటికి కదులుతుందో తెలియక ఇంటికి నడక మొదలుపెట్టాం. కాళ్ళు పీకేస్తున్నాయి. తమ్ముడు నాన్న భుజం మీద నిద్రపోయాడు. బళ్ళు లేని అంత పెద్ద రోడ్డు మధ్యన నడుస్తూ, "ఇదా ఆవిడ చెప్పిన కొట్టు... ఇదా ఆ సందు..." అని అమ్మ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. నాన్న అడగలేక అడగలేక అడిగాడు, "మరి... ట్రాన్స్‌ఫర్ సంగతి?"

అమ్మ నిట్టూర్చింది. "ముందు రేపు ఆ గోనెసంచి విప్పాలండీ. లక్ష్మమ్మ గారిని పిల్లలతో భోజనానికి రమ్మన్నాను. గుండిగ అందులో ఉండిపోయింది."

ఇప్పుడక్కడ పండ్ల మార్కెట్ లేదు, బాటసింగారం తరలిపోయింది. నడిరోడ్డు మీద మెట్రో స్తంభాలు నిలబడ్డాయి. అమ్మ "జర ఆపు బాబూ" అని ఆటోవాళ్ళతో బేరాలాడుతుంది. గోల్కొండ ఇప్పటికీ చూడలేదు.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, "సిటీ టూర్ బస్సెక్కితే ఊరు తెలుస్తుందా అక్కా?" అని. రోజూ ట్రాఫిక్‌లో పడి వచ్చే ఓపికలేనితనమో ఏమో, ఎక్కమనే చెప్పాను. మధ్యలో దిగితే గరిటె చేతికిచ్చే మనిషి ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేకపోయాను...

మీరు కొత్తగా ఊళ్ళోకి వచ్చినప్పుడు "ఏ ఊరు మీది?" అని మొదట అడిగిందెవరు? మీరేం చెప్పారు?