మూడు జిల్లాల బావ పాట

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పాతికేళ్లుగా పాడుతున్నాను. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. ‘బావ పాటాయన’ అంటారు.

ఆ పాట నాది కాదు. కుర్రతనంలో రాయచూరు బస్టాండులో కొన్న ఒక కన్నడ క్యాసెట్టులోని బాణీ. అర్థం తెలియకుండానే దానికి పెళ్లి మాటలు కట్టి, గద్వాలలో ఒక ఇరుకు గదిలో రికార్డు చేయించాను. తర్వాతెవరో దానికి డీజే దరువు కలిపారు. ఇక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు జిల్లాల్లో అది మోగని పెళ్లి బారాత్ లేదు. ఇవి దాటి మహబూబ్‌నగర్ వెళ్తే అలాంటి పాటొకటి ఉందనే ఎవరికీ తెలియదు. నేను సొంతంగా రాసుకున్న పాటలైతే ఇక్కడా ఎవరికీ అక్కర్లేదు.

వనపర్తిలో నా కొత్త పాట పల్లవి పూర్తికాకముందే పెళ్లికొడుకు మేనమామ వేదికెక్కి మైకు పట్టుకున్నాడు. "గియ్యేం పాటలన్నా, నిద్రొస్తుంది. బావ పాట ఎత్తుకో."

నాగర్‌కర్నూల్ దవాఖానలో మా అమ్మకు సెలైన్ పెడుతున్న నర్సు కూడా అంతే. "జర ఒక్క చరణం పాడరాదే అన్నా!"

అమ్మ కళ్లు మూసుకునే, "పాడురా, సూది నొప్పన్న తెల్వకుంటది," అంది. పాడాను. ఇంకేం చేస్తాను?

పోయిన ఏడాది మనసు ఉండబట్టక, క్యాసెట్టు అట్ట మీదున్న ఊరి పేరు పట్టుకుని, అది పాడిన ఆవిడను వెతుక్కుంటూ వెళ్లాను. రాయచూరు దగ్గరి పల్లె. ఆవిడ రిటైరైన బడి పంతులమ్మ, తెలుగూ వచ్చు. సంగతంతా చెప్పి ఫోనులో నా పాట వినిపిస్తే మొహం చిట్లించింది.

"నేను సచ్చిపోయిన ఎద్దు మీద పాడిన గదప్పా! నువ్వేంది, బావ వస్తుండు అంటున్నవ్?"

సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ ఒక ఎద్దు చావుకు ఊళ్లకు ఊళ్లను ఎగిరించి ఆడించాను. తప్పయిందన్నాను.

ఆవిడ అడిగింది: "మా ఊర్లనే నా పాట ఎవరూ వినలే. మీకాడ నిజంగ ఎగురుతరా? నన్ను తోల్కపో, చూస్త."

ఖిల్లా ఘణపూర్‌లో ఒక పెళ్లికి తీసుకెళ్లాను. పాట ఈవిడదేనని చెప్పి మైకు చేతికిచ్చాను. కన్నడంలో, నింపాదిగా మొదలుపెట్టింది. గొంతు వణికినా, ఆ బాణీలో అంత దుఃఖం ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క చరణం అయిందో లేదో వెనక నుంచి కేకలు.

"మంచిగనే ఉంది గానీ అమ్మా, అసలు పాట పెట్టమను!"

అసలు పాటట! నాకు ఒళ్లు మండిపోయింది. మైకు అందుకుని తిట్టబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"బ్యాడప్పా, వద్దు. కొట్లాడనీకి రాలే నేను. వాళ్లు ఎగిరేది చూడనీకి వచ్చిన. నువ్వు పాడు."

డీజే అతను దరువు అందుకుంటే, పళ్లు కొరుక్కుంటూ పాడాను. ఆవిడ ముందు వరుసలో కుర్చీ వేయించుకుని, రెప్ప వేయకుండా చూసింది.

భోజనాల దగ్గర మాత్రం పెదవి విరిచింది. "ఎగిరితే ఎగరనీ. దరువు శానా ఎక్కువైంది. జర తగ్గియ్యమను."

వెళ్లి డీజే అతనికి చెప్పాను. అతను జాలిగా నా భుజం తట్టాడు.

"తగ్గిస్తే పాట ఖరాబైతదన్నా. గా పాట సంగతి నీకు తెల్వదు."