నల్లమాడ పెట్టెలో దొరికిన తిరగని బరమ

మా ఆయన వడ్లపని చేస్తాడు. తలుపులు, కిటికీలు, మంచాలు, ఎవరు ఏది అడిగితే అది. ఈ ఎండాకాలంలో బండి మీద నుంచి పడి ఆయన కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముక అతికిందన్నారు గానీ, కరెంటు డ్రిల్లు పట్టుకుంటే మాత్రం చెయ్యి నిలవడం లేదు. బిట్టు చెక్కలో చిక్కుకున్నప్పుడు మిషన్ ఒక్క గుంజు గుంజుతుంది. ఆ దెబ్బ నేరుగా మణికట్టుకే తగులుతుంది. రెండుసార్లు అలా జరిగాక ఆయన మిషన్‌ను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేశాడు. బెంగుళూరులో ఉన్న మా ఊరాయన ఒకరు అపార్టుమెంటులో వాచ్‌మన్ పని ఉందని చెబితే సరేనన్నాడు. వచ్చే నెల ఒకటో తేదీన చేరాలి. జీతం మంచిదే. కానీ పదిహేనేళ్ళుగా చేస్తున్న పని చెయ్యి జారిపోతోందని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది.

ఫోన్లో ఒకరోజు పాతకాలపు చేతి బరమ చూశాను. పైన వంపు తిరిగిన రేకు ఒకటి ఉంటుంది. దాన్ని ఎదకు ఆనించి ఒళ్ళు బరువు వాల్చి, పక్కనున్న పిడి తిప్పితే రంపంలా పండ్లున్న చక్రాలు తిరిగి చెక్కకు బెజ్జం పడుతుంది. గుంజుడు ఉండదు. ఎడమ చేత్తో తిప్పినా సరిపోతుంది. ఆయనకు చూపించాను. "మా నాయన కాడ ఉండె ఇట్లాంటిది. ఇప్పుడు యాడ దొరుకుతాది? దొరికినా తుప్పుముద్దే" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు. వద్దని అనలేదు. అంతే చాలనుకుని నేనే వెతకడానికి బయలుదేరాను. ఇలాంటి వాటి కోసం తిరిగేవాళ్ళు ఇంకా ఉంటారని ఆ రోజు సంగతి వివరంగా రాస్తున్నాను.

నేను ఒక్కదాన్నే అనంతపురం దాటి ఎప్పుడూ పోలేదు. కొత్తవాళ్ళ ముందు నా గొంతు పెగలదు. అందుకే అడగాల్సినదంతా ఒక కాగితం మీద రాసుకున్నాను. ఉదయం ఏడున్నరకు రాప్తాడులో బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టుకు డబ్బు అడగరు, కార్డు మరిచిపోకండి. అనంతపురం పాతూరులో పాత ఇనుము అంగళ్ళు ఒక సందులో వరుసగా ఉంటాయి. తొమ్మిది దాటితే గానీ తెరవరు. నేను ముందే చేరడంతో బండి దగ్గర నలభై రూపాయలకు ఉగ్గాని, బజ్జీ తిని కాచుకున్నాను.

మొదటి రెండు అంగళ్ళలో కాగితం వైపు చూసి, చదవకుండానే లేదన్నారు. మూడో అంగడి ఖాజా అనే పెద్దాయనది. ఆయన కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదు.

"అద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చినా తల్లీ. నోటితో చెప్పు, ఏం గావల్ల?"

"చేత్తో తిప్పే బరమ... ఎదకు ఆనించుకునేది."

"యాభై ఏండ్ల కిందట రావల్సింది నువ్వు! ఎవురికి?"

"మా ఇంటాయనకు. చెయ్యి విరిగింది."

ఆయన నవ్వు ఆపి లేచాడు. కుప్ప వెనక నుంచి చిన్న బరమ ఒకటి లాగి తెచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సంచిలో చెయ్యి పెట్టబోతే ఆయనే ఆపాడు. "ఉండు, చూడకుండా కొంటావా? ఈ చక్రం చూడు, మూడు పండ్లు ఊడినాయి. పండ్లు లేని ముసలాయన ఏం నమల్తాడు?" తరువాత ఓపిగ్గా నేర్పించాడు. చక్రం పండ్లన్నీ వేలితో తడిమి లెక్కపెట్టాలట. కింద బిట్టును పట్టే మూడు దవడలు ఒకేసారి మూసుకోవాలట. మధ్య కడ్డీ అటూ ఇటూ ఊగకూడదట. ఇవి మూడూ బాగుంటే పైన ఎంత మురికి ఉన్నా భయం లేదన్నాడు.

అమ్మకం పోయినా ఆయనకేమీ బాధ ఉన్నట్టు లేదు. ఇంకో మాట కూడా చెప్పాడు. నల్లమాడ పక్క పల్లెలో ఓబుళమ్మ అనే ముసలామె ఉందట. ఆమె పెనిమిటి పేరుమోసిన వడ్లాయన. నేను అడుగుతున్న బరమ ఆయన పెట్టెలో ఉందట. "రెండుసార్లు పోయినా. పాత ఇనుముకు ఇయ్యనని తరిమింది. నువ్వు పో తల్లీ, నిన్ను తరమదు."

పదిన్నరకు కదిరి బస్సు దొరికింది. బత్తలపల్లి, ముదిగుబ్బ మీదుగా రెండున్నర గంటల దారి. వాన కోసం దున్ని వదిలేసిన ఎర్రటి చేలు, మధ్యలో అక్కడక్కడ పచ్చగా చీనీ బత్తాయి తోటలు. కదిరిలో మళ్ళీ బస్సు మారి నల్లమాడలో దిగేసరికి రెండుంబావు అయింది. పల్లెకు ఆటో వంద రూపాయలు. డ్రైవరుకు ఇల్లు చెప్పగానే వెనక్కి తిరిగి చూశాడు. "వడ్ల ముసిలామె ఇంటికా? ఏమన్నా కొనను పోతాండావా? నేను ఇంజన్ ఆపకుండా ఉంటాలే అక్కా, తరిమితే పరిగెత్తి వచ్చేకి."

ఓబుళమ్మవ్వ అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తోంది. నా చేతిలో సంచి చూసి తల దించుకునే అడిగింది.

"పాత సామాన్లోళ్ళు పంపినారా?"

"అవునవ్వా... కాదవ్వా."

"అవునా, కాదా? ఒకటి చెప్పు."

ఏం చేయాలో తోచక పక్కన కూర్చుని నేను కూడా కాయలు ఒలవడం మొదలుపెట్టాను. అవ్వ చేట కొంచెం నా వైపు జరిపింది. చేట సగం నిండే వరకు ఇద్దరం ఒలిచాం. చేతులు పనిలో ఉంటే నాకు మాట కొంచెం సులువుగా వస్తుంది. చెయ్యి విరగడం, బెంగుళూరు, అన్నీ చెప్పాను.

"పోనీ. నెల నెలా జీతమొస్తాది గదా?"

"జీతమొస్తాదవ్వా. పని పోతాది."

అవ్వ చేతిలోని కాయ చేటలో పడేసి నన్ను తేరిపార చూసింది. "లోపలికి రా పాపా" అంది.

ఇనుపపెట్టెలో పనిముట్లన్నీ పాత పంచె ముక్కల్లో చుట్టి ఉన్నాయి. ప్రతిదాని మీద పసుపు, కుంకుమ బొట్లు. బరమ బయటికి తీస్తే బరువుగా, బెల్లం పాకం పోసి ఆరబెట్టినట్టు గోధుమరంగులో ఉంది. పిడి ఇసుమంత కూడా కదల్లేదు.

"ఆయప్ప పోయి ఆరేండ్లాయ. ఏటా ఆయుధపూజకు బొట్టుపెట్టి శెనక్కాయ నూనె పూస్తా. ఒక్క ఏడు గూడా తప్పించలే. అయినా తుప్పు పట్టి బిగుసుకుపాయ. కొయ్యపనోళ్ళు ఇద్దరు వచ్చి తిప్పలేక ఆడనే పెట్టి పోయినారు."

చక్రం అంచును గోటితో గీరాను. తుప్పు పొడి రాలలేదు. జిగటగా, తేనె రంగులో పెచ్చు లేచింది. వాసన చూశాను. ఆ వాసన నాకు బాగా తెలుసు. పెళ్ళికి ముందు మా అమ్మ బజ్జీల బండి నడిపేది. ఏడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి సాయంత్రం బాణలి తోమే పని నాదే. దాని అంచున నూనె ఎండి ఇలాగే గట్టిపడేది. అవ్వ ప్రేమగా పూసిన నూనే ఏటేటా పొరలు కట్టి బరమను బిగించేసింది.

"తుప్పు కాదవ్వా" అన్నాను. తరువాతి మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. ఆరేళ్ళు అంత శ్రద్ధగా చూసుకున్న మనిషితో, నీ నూనే దీన్ని ఇలా చేసిందని ఎలా చెప్పను? ఖాజా అన్న నేర్పినట్టు పండ్లు తడిమాను. అన్నీ ఉన్నాయి. కడ్డీ ఊగడం లేదు. "కడిగితే తిరుగుతాదనుకుంటా" అని మాత్రం అన్నాను.

"అయితే ఐదునూర్లు పెట్టు. ఊరికే ఇస్తే ఊరికే పారేస్తావు. తిరిగితే ఫోన్ చెయ్యి. తిరక్కపోతే ఈడికే తెచ్చి పెట్టు, పాత ఇనుము కాటాకు మాత్రం ఎయ్యొద్దు." డబ్బు కొంగున ముడేసుకుని, నాలుగు బిట్లు, ఒడినిండా శెనక్కాయలు కూడా పెట్టింది. నాలుగు గంటల బస్సుకు బయలుదేరి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాను. మా ఆయన బరమను చేతుల్లోకి తీసుకుని పిడి రెండుసార్లు గుంజి చూశాడు. "ఇది తిరగదు మే" అన్నాడు. కానీ కింద పెట్టలేదు. అన్నం తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున ఆయన చేత ముందుగా కొయ్య పిడులు ఊడదీయించాను. సోడా నీళ్ళు తగిలితే కొయ్య పగులుతుంది. ఇరవై రూపాయల బట్టల సోడా బకెట్టు వేడినీళ్ళలో కలిపి ఇనుప భాగాలు అరగంట నానబెట్టాను. నీళ్ళు టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది మళ్ళీ నానబెట్టాను. మూడోసారికి చక్రం పండ్లు బయటపడ్డాయి. ఇద్దరం అలాగే చూస్తుండిపోయాం. ఎక్కడా తుప్పు చుక్క లేదు. కొత్తగా కోసిన ఇనుములా మెరుస్తున్నాయి. ఆ జిగురు పొర బిగించింది నిజమే గానీ, ఆరేళ్ళు గాలీ తేమా తగలకుండా కాపాడింది కూడా అదే. తుడిచి, ఎండలో బండ మీద బాగా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె చుక్క చుక్క వేశాను. పిడి ఒక్కసారి మొరాయించి, తరువాత గిర్రున తిరిగింది.

మా ఆయన వేపచెక్క తెచ్చి బల్లకు బిగించాడు. రేకు ఎదకు ఆనించుకున్నాడు. కుడి చెయ్యి ఊరికే పట్టుకోవడానికి, ఎడమ చెయ్యి తిప్పడానికి. చెక్కపొట్టు చిన్న చిన్న చుట్టలుగా పైకి లేచింది. బెజ్జం అవతలికి పడ్డాక చెక్క ఎత్తి అందులోంచి నన్ను చూశాడు. "నొప్పి లేదే!" అన్నాడు. తరువాత ఇంకో ఆరు బెజ్జాలు వేశాడు, ఏ అవసరమూ లేకుండానే.

అవ్వకు ఫోన్ చేయాలి. తిరిగిందని చెప్పి పెట్టేస్తే సరిపోతుంది. కానీ ఆమె పెట్టెలో ఇంకా పనిముట్లు ఉన్నాయి. పండగకు వాటికీ అదే నూనె పూస్తుంది. అంత చేసిన మనిషి దగ్గర నిజం దాచడం తప్పనిపించింది. స్పీకర్ పెట్టి, ధైర్యం చేసి అన్నీ చెప్పాను. నూనె వల్ల బిగిసిందని, నూనె వల్లే బతికిందని కూడా.



"ఆరేండ్ల నూనె!" అంది అవ్వ. "దాంతో ఎన్ని బజ్జీలు అయ్యుండె! ముందే చెప్పకుండా యాడ దాచిపెట్టుకున్నావు పాపా? పెట్టెలో ఇంగా రెండు బరమలు, పెద్ద పట్టకారు ఉండాయి. నీ మొగున్ని తోడుకోని వచ్చి కడిగి పో."

మా ఆయన వంగి ఫోన్ దగ్గర నోరు పెట్టి అన్నాడు, "వచ్చే నెల్లో వస్తాము అవ్వా."

వచ్చే నెల ఒకటి నుంచి ఆయన బెంగుళూరులో ఉండాలి కదా! ఆయన నా వైపు చూడకుండానే బెంగుళూరుకు ఫోన్ కలిపాడు. "నేను రాలేనన్నా. ఈడ పనుండాది" అని రెండే మాటలు చెప్పి, పొట్టు ఊది ఏడో బెజ్జం చూసుకున్నాడు.

ఈ ప్రయాణంలో నేను చేసింది తక్కువే. అమ్మకం పోయినా దారి చూపిన ఖాజా అన్న, తరమకుండా పక్కన కూర్చోనిచ్చిన అవ్వ, బాణలి తోమించి ఆ వాసన నేర్పిన మా అమ్మ, ముగ్గురూ కలిసి ఈ బరమను తిప్పారు. వాళ్ళకు నా దండాలు. నాలాగా నోరు రానివాళ్ళు కూడా వెళ్ళండి, ఎవరో ఒకరు కూర్చోబెట్టి మాట్లాడిస్తారు.

చివరిగా ఒక్క సలహా. పాత బరమ తిరగడం లేదని వదిలేయకండి. గోటితో గీరి చూడండి. ఎర్రటి పొడి రాలితే ఆలోచించండి. తేనె రంగు పెచ్చు లేచి వంటింటి వాసన వస్తే, నిశ్చింతగా ఇంటికి తెచ్చుకోండి.