అతుకుల్లేని వీణ కోసం బొబ్బిలి వెళ్ళాను

శ్రీకాకుళం సర్కారు ఐ.టి.ఐ.లో వడ్రంగం ట్రేడు పాసై ఇంట్లో కూర్చున్నాను. చేతిపని నేర్చినవాడికి ఇక తిరుగులేదని పెద్దలు పత్రికల్లో రాస్తుంటే చదివి ఒళ్ళు మండేది. అప్రెంటిస్‌గా తీసుకోమని ఏ మిల్లుకు వెళ్ళినా ఫిట్టర్లు కావాలంటారు, వడ్రంగి అక్కర్లేదంటారు. చివరికి బొబ్బిలి దగ్గర వీణలు చేసేవాళ్ళ దగ్గరైనా పని నేర్చుకుందామని బయల్దేరాను. ఇదీ కుదరకపోతే రేపట్నుంచి కూలికి పొమ్మని నాన్న ముందే చెప్పేశాడు.

పొద్దున్న ఆరింటి బస్సెక్కితే రాజాం మీదుగా తొమ్మిదిన్నరకల్లా బొబ్బిలిలో దిగొచ్చు. టిక్కెట్టు రెండు రూపాయలు దాటలేదు. రాజాంలో ఆగినప్పుడే ఇడ్లీ తినేయండి, తర్వాత దారిలో ఏమీ దొరకదు. బొబ్బిలి నుంచి గొల్లపల్లికి జట్కా కట్టించుకున్నాను.

"వీణ కొనడానికా బాబూ?" అన్నాడు జట్కావాడు.

"పని నేర్చుకోడానికి."

"ఆళ్ళు సెప్పరు. సొంతోళ్ళకి తప్ప ఉలి సేతికియ్యరు. అయినా ఎల్లు, కాదంటే మల్లీ నా బండే గదా."

పొద్దున్నే ఈ అపశకునం మాటలేమిటని చిరాకేసింది.

వీణలు చేసే పెద్దాయన అరుగు మీద సగం తవ్విన పనస దుంగ ముందు కూర్చున్నాడు. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. పరీక్షకు నేను చేసిన చిన్న పెట్టె సంచిలోంచి తీసి చూపించాను. మూలల్లో ఒక్క మేకు లేదు, చెక్కను చెక్కే పట్టుకునే అతుకులు. నా పనితనానికి అదే సాక్ష్యమనుకున్నాను. ఆయన మూలలు లాగి చూశాడు.

"బాగున్నాది. మరి మాకు అతుకే ఉండకూడదు నాయనా. బొజ్జలాటి కుండా, పొడుగు దండీ ఒక్క దుంగలోనే తవ్వుతాం."

"అది నేర్చుకుందామనే వచ్చానండీ. జీతం వద్దు, తిండి పెడితే చాలు."

ఆయన పెట్టె పక్కన పెట్టి, దుంగలోని చెక్కపొట్టు చేత్తో తుడిచాడు. "మా ఇళ్ళలో పుట్టినోడికి తప్ప ఉలి ఇయ్యం. ఏటీ అనుకోకు."

"మీ అబ్బాయి నేర్చుకుంటున్నాడా?"

"ఆడా? పద్దెనిమిదేళ్ళొచ్చాయి, ఉలి ముట్టుకోనంటన్నాడు." ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "నువ్వు సదివిన కాడ ఆడికి సీటు వస్తాదేటి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అక్కడ చదివే కదండీ నేను మీ గుమ్మంలోకొచ్చాను," అన్నాను.

"అయినా సర్కారు సదువు గదా. ఎప్పటికైనా ఉజ్జోగం వస్తాది. ఈ పెట్టి ఉంచి ఎల్లు, ఆడికి సూపిస్తాను."

కోపమొచ్చింది, అయినా సీటుకు ఎప్పుడు, ఎవరిని కలవాలో చెప్పి, పెట్టె అక్కడే వదిలి లేచాను. బయట అదే జట్కా ఉంది. అతను గడ్డి పక్కకు జరిపి నాకు చోటు చేశాడు.

తిరుగు బస్సు మూడింటికి. దారంతా నా అరచేతులే చూసుకుంటూ కూర్చున్నాను. నాన్నకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ పెద్దాయన మీద కసి తీరలేదు గానీ ఆయన్ని తిట్టుకోవడానికీ మనసొప్పలేదు. ఆయన తర్వాత ఆ అరుగు మీద ఉలి పట్టేవాడు లేడు. నాకు ఉలి ఇచ్చేవాడు లేడు.

వీణలు చూడాలనుకునేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, ఆదరంగా చూపిస్తారు. పని నేర్చుకోవాలనుకుంటే మాత్రం, ఆ ఇళ్ళలో మీరు ఎవరికి చుట్టమవుతారో ముందు తేల్చుకుని అప్పుడు టిక్కెట్టు కొనండి.